నేను మూయించిన హాస్టల్

నల్లగొండలో ఉన్న ఒక మంచి హాస్టల్‌ను నేను మూయించిన. ఒక్క పూటలో, రెండు పేజీల రిపోర్టుతో. నా తోటోళ్లు నెల తిరిగినా తేల్చలేని సంగతిని నేను బస్సు దిగి మళ్ల బస్సెక్కే లోపల తేల్చిన. ఆ రిపోర్టుకు మెప్పు కూడా వచ్చింది. దఫ్తర్‌లో కొత్తగా చేరినోళ్లకు దాన్ని తీసి చూపించేటోళ్లు, రాస్తే ఇట్ల రాయాలె అని. అంతటి ఘనుణ్ని కాబట్టి ఈ పని ఎట్ల చెయ్యాల్నో మీకు చెప్పే హక్కు నాకున్నదనుకుంటున్న.

నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కర లేదు, అవి ఎట్లాగూ పెద్దగా లేవు. రెండు హాస్టళ్లు, ఒక వార్డెన్, మా పెద్దసారు, మా బాపు. నా నౌకరి మొత్తంలో నేను నేర్చుకున్నది వీళ్ల దగ్గరనే.

పని ఏమిటంటే

మా యూనివర్సిటీ పట్నంలో ఉండేది. దాని మెట్రిక్ పరీక్ష రాసే పిల్లలు మాత్రం జిల్లాలలో ఉండేటోళ్లు. వాళ్ల కోసం నల్లగొండలో ఒక హాస్టల్‌కు, మహబూబ్‌నగర్‌లో ఒక హాస్టల్‌కు యూనివర్సిటీ సాయం చేసేది. జొన్నలు, బియ్యం, దీపాలకు చమురు, పుస్తకాలు, ఇంటి కిరాయి. ఆ సాయం పిల్లలకు పనికొస్తున్నదా లేదా అని కండ్లార చూసి రాసుడు నా పని.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు, చలికాలంలో పెద్దసారు నన్ను పిలిచిండు. "రెండిట్ల ఒక్కదానికే సాయం సాగుతది. ఏది ఉంచాల్నో చూసి రా" అన్నడు. పరీక్షకు ఇంక మూడు నెలలున్నది.

అప్పటి నల్లగొండ పల్లెలు మీకు తెలువయి. రజాకార్లు పోయిండ్రు, మిలిటరీ క్యాంపులు వచ్చినయి. దొరల మీద లేచిన సంఘం దళాలు ఇంకా గుట్టలల్లనే ఉన్నయి. పదహారు పదిహేడేండ్ల పిల్లగాడు ఊర్లో ఉంటే దళపోళ్లు రమ్మనేటోళ్లు, లేకుంటే దళంల ఉన్నడని క్యాంపోళ్లు పట్టుకపోయేటోళ్లు. హాస్టల్‌లో ఉన్నోనికి ఒక గుర్తు ఉండేది, వీడు చదువుకునేటోడు అని. నేను ఉంచుడో తీసుడో చెయ్యబోయింది ఆ గుర్తునే. ఇది నాకు అప్పుడు తెలువదని చెప్పి తప్పించుకోవచ్చు. తెలుసు. తెలిసే పోయిన.

ఇంకొక సంగతి. నేను మోత్కూర్‌లో కిరాణ దుకాణంల పెరిగినోణ్ని. మాటలు సరిగ్గ రాకముందే బేరం వచ్చినోణ్ని. పసుపుల పిండి కలిపితే వాసన చూసి చెప్పేటోణ్ని. ఆ బుద్ధి నా దగ్గర ఉండి ఉంటే ఈ కథే లేదు. నౌకరిల చేరినంక ఒక నల్లకోటు కుట్టిచ్చుకున్న. దుకాణం బుద్ధి కోటు కింద కనపడకుండ జాగ్రత్త పడుతుంటి.

నల్లగొండ లొల్లి

నార్కట్‌పల్లిల బస్సు మారి నల్లగొండ చేరేసరికి మధ్యాహ్నమైంది. హాస్టల్ ఒక పాత కిరాయి ఇల్లు. గోడల సున్నం రాలిపోయి ఉన్నది. వాకిట్లకు అడుగు పెట్టకముందే లోపట కొట్లాట వినపడ్డది.

ఇరవై రెండు మంది పిల్లలు అన్నం తలెలు ముందట పెట్టుకొని వరుసగా కూసున్నరు. నడుమ ఒక పెద్దమనిషి. అరవై దాటి ఉంటడు, తెల్ల గడ్డం, అతుకేసిన షేర్వాణి. ఆయననే వార్డెన్ కాసీం సాబ్. బడిల ఫార్సీ చెప్పి రిటైరైనోడు. పిల్లలు మౌల్సాబ్ అనేటోళ్లు. నేను పోయింది శుక్రవారం. ప్రతి శుక్రవారం నమాజు చేసి వచ్చి పిల్లల నడుమ కూసునుడు ఆయనకు అలవాటట.

"మౌల్సాబ్, గీ పప్పుల పప్పేది? జర దేవులాడి చూపియ్యి" అని ఒకడు లేచిండు. పొడుగు పిల్లగాడు, గట్టి గొంతు. నర్సింహ అని మా మోత్కూర్ దిక్కు పల్లె పిల్లగాడే, కాపోళ్ల బిడ్డ.

"దీపం తొమ్మిది గంటలకే ఆరిపోతాంది. చదువుడెట్ల?" అని ఇంకొకడు.

"రొట్టె నడుమ పచ్చిగున్నది. నువ్వు తిని చూడు."

కాసీం సాబ్ వాని తలెలకెల్లి ముక్క తుంచి నోట్ల పెట్టుకున్నడు. నమిలిండు. మొఖం వంకర పెట్టిండు. "నిజమేర బై, పచ్చిగనే ఉన్నది" అన్నడు. పిల్లలు గొల్లున నవ్విండ్రు. "ఇంకేమున్నది? చెప్పుండ్రి. నర్సింహా, నీ మూట ఇంకా ఇప్పలేదు గద?"

నర్సింహ మూట ఇప్పిండు. అరగంట సేపు ఇప్పిండు. నీళ్ల చెంబులు చాలయి, ఇంగ్లీషు సారు వారానికి రెండు రోజులే వస్తడు, పైకప్పు కురుస్తది. నా దిక్కు తిరిగి, "గీ కోటు సార్ ఎవరు? ఆయనకు కూడ పెట్టు మౌల్సాబ్ గా పప్పు" అన్నడు.

నాకు మండింది. ముసలాయనను పసిపిల్లలు నువ్వు, నువ్వు అని నిలదీస్తున్నరు, ఆయన పండ్లికిలిస్తున్నడు. ఇంకొకటి కూడ నా మనసులో పడ్డది. తురకాయన, హిందువుల పిల్లలు, మొన్ననే ఇంత ఘోరం జరిగిన జిల్లా. వీళ్లకు ఆయన పొడ గిట్టదని తీర్మానం చేసుకున్న. ఒక్క పిల్లగాణ్ని కూడ పక్కకు పిలిచి అడగలేదు. బస్సుకు టైమైతున్నది మరి.

నోటుబుక్కులో రాసుకున్న: "క్రమశిక్షణ లేదు. వార్డెన్ పట్ల విద్యార్థులకు గౌరవం లేదు. తీవ్రమైన అసంతృప్తి."

మహబూబ్‌నగర్ నీటు

తర్వాతి వారం మహబూబ్‌నగర్ పోయిన. ఆ హాస్టల్‌ను చూస్తే కడుపు నిండింది. గోడలకు కొత్త సున్నం. పిల్లలు వరుస కట్టి నిలబడ్డరు. వార్డెన్ నడీడు మనిషి, మాట తక్కువ, చేతిల సన్న బెత్తం. ఒక్కొక్కణ్ని అడిగిన.

"అన్నం ఎట్లున్నది?"

"మంచిగున్నది సార్."

"దీపాలు?"

"మంచిగున్నయి సార్."

"ఏమన్న కావాల్నా?"

"ఏమొద్దు సార్."

అమ్రాబాద్ అడవి దిక్కు నుంచి వచ్చిన లింగయ్య అని ఒక పిల్లగాడు చేతులు కూడ కట్టుకున్నడు. వాళ్లు పండుకునే అర్రలకు పోయి చూసిన. చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నయి. ట్రంకు పెట్టెలన్ని తాళ్లతో గట్టిగ కట్టి, తలుపు పక్కన వరుసగ పెట్టి ఉన్నయి. నేను ఆ పెట్టెలను చూసి తలూపిన. "సామాను సర్దుకునే తీరులో ఆదర్శప్రాయమైన శుభ్రత" అని రాసిన. మీరు నవ్వండి. నాకైతే రెండు నెలల దాక నవ్వు రాలే.

రిపోర్టు ఇచ్చిన. మహబూబ్‌నగర్ ఉంచాలె, నల్లగొండ మూయాలె. పెద్దసారు సంతకం పెట్టిండు. వారంలో నల్లగొండకు జొన్నలు, చమురు, కిరాయి అన్నీ బందైనయి.

ఇరవై రోజులకు పుస్తకాల కట్ట తీసుకొని మళ్ల మహబూబ్‌నగర్ పోయిన. సున్నం గోడలు అట్లనే మెరుస్తున్నయి. పిల్లలు ఐదుగురు మిగిలిండ్రు. నడుమ రెండు దినాలు సెలవు వస్తే తక్కినోళ్లు పెట్టెలు ఎత్తుకొని పోయిండ్రట, మళ్ల రాలేదట. లింగయ్య ఒక్కడు స్టేషన్‌కాడ దొరికిండు, అన్న కోసం ఎదురు చూస్తున్నడు.

"ఏం బాధైంది నీకు? అన్నీ మంచిగున్నయి అంటివి గద!"

"మాట్లాడితే బెత్తం సార్. అన్నం సగం కడుపుకే."

"మరి నాకు చెప్పద్దా?"

"పోయేటోళ్లకు లొల్లి ఎందుకు సార్? అప్పటికే పెట్టె కట్టుకొని ఉంటిమి."

బాపు నవ్వు, పెద్దసారు మాట

పట్నానికి పోబుద్ధి గాక మోత్కూర్ పోయిన. బాపు దుకాణంల ఉన్నడు. జరిగిందంతా చెప్పిన. ఆయన చింతపండు తూకం వేస్తూనే విన్నడు. తర్వాత తరాజు కింద పెట్టి కడుపు పట్టుకొని నవ్విండు.

"ఓరి రాములు! దుకాణంల ఇరవై ఏండ్లు కూసున్నవు. గిరాకి వచ్చి, బియ్యంల రాళ్లున్నయి, బెల్లం నల్లగున్నది, నీ తరాజు మీద నాకు అనుమానం అని లొల్లి పెడ్తె ఏం జేస్తడు?"

"కొంటడు."

"మంచిగున్నది శేటు, చాల మంచిగున్నది అంటే?"

అట్ల అన్నోడు మెట్లు దిగి పక్క దుకాణానికి పోతడని మా గల్లీల చిన్నపోరగానికి కూడ తెలుసు.

"నీకు జీతమిచ్చేటోళ్లు ఎంత మంచోళ్లురా" అన్నడు బాపు.

మర్నాడు పెద్దసారు ముందట నిలబడ్డ. గొంతు చిన్నగ చేసి చెప్పిన. తిడ్తడనుకున్న. ఆయన నా రిపోర్టు తీసి ముందట పెట్టిండు.

"రిపోర్టు మారుద్దామా?"

"మారుద్దాం సార్."

"నువ్వు తిరగరాయాలె, నేను పైకి పంపాలె, పైనోళ్లు మొదటిదెందుకు తప్పైందని అడగాలె, మనం జవాబు రాయాలె. అంతల పరీక్ష అయిపోతది. నీకు రిపోర్టు కావాల్నా, పిల్లలు కావాల్నా?"

"పిల్లలే సార్."

"అయితే సెలవు రాసి ఇచ్చి నల్లగొండ పో. రిపోర్టు సంగతి నేను మెల్లగ చూస్త." నేను గుమ్మం దాటుతుంటే, "కోటు తీసి పో" అన్నడు. ఆయన కింద పదకొండేండ్లు పనిచేసిన. అంతకంటె మంచి ఆర్డరు నాకు ఎవరూ ఇయ్యలేదు.

రోజుల బేరం

హాస్టల్ ఇంటికి తాళమున్నది. కాసీం సాబ్ ఇల్లు అడుక్కుంట పోయిన. ఏమన్నా పడదామని మనసు గట్టి చేసుకొని పోయిన. ఆయన చాప మీద కూసొని, పెద్ద కాగితం మీద గీతలు గీస్తున్నడు. తలెత్తి నన్ను చూసిండు.

"వచ్చినవా సాబ్? కూసో. బజారు వీధి నీది."

అంతే. ఆ రిపోర్టు రాసింది నేనేనని ఆయనకు ఎరుకే. ఆ దినమే కాదు, ఆయన బతికి ఉన్నన్ని దినాలు దాని మాట ఎత్తలేదు.

కాగితం మీద ఎడమ దిక్కు పిల్లల పేర్లు, పైన వారం రోజులు. సగం గడులల్ల ఇంటి పేర్లు రాసి ఉన్నయి. వారాలు అంటే మీలో కొందరికి తెలిసే ఉంటది. పేద పిల్లగాడు సోమవారం ఒకరింట్ల, మంగళవారం ఇంకొకరింట్ల తిని చదువుకునుడు. హాస్టల్ మూసిన తెల్లారి నుంచి ఆయన ఊరంతా తిరిగి రోజులు అడుగుతున్నడు. పిల్లలు పండుకునుడు బడి వరండాల.

ఇరవై రెండు మందిల ముగ్గురు అప్పటికే పోయిండ్రు. మిగిలింది పంతొమ్మిది. అందుల ఇద్దరు ఊరవతలి వాడ నుంచి వచ్చిన పిల్లలు. "గా ఇద్దరికి ఏ ఇల్లూ దొరకది సాబ్, నేను అడిగి చూసిన. వాళ్లు ఏడు రోజులు మా ఇంట్లనే" అన్నడు. పరదా వెనుక నుంచి ఆయన భార్య, అందరు బీబమ్మ అనేటోళ్లు, "జొన్నలు ఉన్నన్ని దినాలు ఫికర్ లేదు, తర్వాత మీ సాబ్ గడ్డం అమ్ముత" అన్నది.

పదిహేడు మందికి ఏడు రోజులు, నూటపంతొమ్మిది గడులు. డెబ్బై ఆయన నింపిండు. పోలీస్ యాక్షన్ అయినంక బజారు వీధి శేట్లు కొందరు ఆయనతో సరిగ్గ మాట్లాడుత లేరు. అందుకే ఆ వీధి నాకు వచ్చింది.

మొదటి గడప బట్టల దుకాణం వీరయ్య శేటుది. మా బాపు కిష్టయ్యకు ఎరుకైన మనిషి.

"మామా, చదువుకునే పిల్లగాడు ఒకడున్నడు. ఒక్క మంగళారం అన్నం పెట్టాలె."

"మంగళారం మా ఇంట్ల ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దు నీకు. పిల్లగానికి కాదు గద?"

"ఇంట్ల పొయ్యి ముట్టియ్యం."

"సరే, బుధారం."

"బుధారం అంగడి. ఇంటి మొఖం చూడ."

"నువ్వెందుకు చూసుడు? అత్త ఉంటది గద."

లోపలి నుంచి ఆయన భార్య రాజమ్మ గొంతు వచ్చింది. "బేస్తారం పంపు కొడుక. నాలుగు రొట్టెలకు ఇంత పంచాది ఏంది?"

"బేస్తారంతో ఐతారం కూడ కలిపి ఇయ్యి అత్తా. పండుగ దినాలల్ల నేను అడగ."

"అచ్చం కిష్టయ్య కొడుకువే" అన్నడు వీరయ్య శేటు. నవ్వుకుంటనే, "ఇంతకు గా పిల్లగానిది ఏ ఊరు?" అని అడిగిండు. ఊరి పేరు చెప్పిన. గజం బద్ద మీద ఆయన చెయ్యి ఆగింది.

"గా ఊరా? రేపు క్యాంపోళ్లు వచ్చి, సంఘపోళ్లకు అన్నం పెడ్తున్నవట అంటే నేనేం చెప్పాలె?"

ఇది బేరంతో తెగే మాట కాదు. ఆ దినాలల్ల అన్నం పెట్టినందుకే మనుషులను పట్టుకపోయిండ్రు. నా సంచిల దఫ్తర్ కాగితాలు, రబ్బరు ముద్ర ఉన్నయి. అరుగు మీద కూసొని రాసిన: "ఈ విద్యార్థి యూనివర్సిటీ పరీక్షకు చదువుచున్నాడు. ఇతని భోజనము ఈ ఇంట యూనివర్సిటీ తరఫున ఏర్పాటు చేయబడినది." తారీఖు వేసి, ముద్ర గుద్ది ఇచ్చిన. నాకు అట్ల రాసే అధికారం లేదు. యూనివర్సిటీ సాయాన్ని ఆపించింది నేను, అందుతున్నదని ముద్ర కొట్టింది నేను. వీరయ్య శేటు దాన్ని రెండుసార్లు చదివి, బట్టల బీరువాల దాసిండు.

ఐదు దినాలల్ల నలభై ఒక్క రోజులు తెచ్చిన. కాగితాలు అయిపోతే పాత కవర్లు చింపి రాసిన. ఒకామె శనివారం ఇచ్చి, తెల్లారి పిల్లగాడు సిగ్గుతో కడుపు నింపుకుంట లేడని, అట్లయితే రావద్దని తిట్టి, రెండు రోజులు చేసింది. మిగిలిన ఎనిమిది గడులు ఎంత తిరిగినా దొరకలేదు. కాసీం సాబ్ వాటిల తన పేరే రాసుకున్నడు.

ఒక పొద్దున ఆయనను అడిగిన, పిల్లలు అంత మాట అంటుంటే ఎట్ల పడుతుంటిరని.

"సాబ్, నన్ను తిట్టినంత సేపు వాళ్ల కండ్లు నా మీద ఉంటయి. ఊరి తొవ్వ మీద ఉండయి. రొట్టె మంచిగ చేసుడు నా వశంల లేదు, జొన్నలే గట్లున్నయి. తిట్లు తినుడు నా వశంల ఉన్నది."

నౌకరిల నేను శానామంది వార్డెన్లను చూసిన, పెద్ద చదువులు చదివినోళ్లను, బంగళాలున్నోళ్లను. పిల్లగాడు నోరు తెరవాలంటే పెద్దోడు ఎంత కిందికి కూసోవాల్నో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలువదు.

నర్సింహ

ముందు పోయిన ముగ్గురిల నర్సింహ ఒకడు. హాస్టల్‌కు తాళం పడ్డ దినం కాసీం సాబ్ ఆగమన్నడట. "నీ నెత్తి మీద ఎన్ని దినాలు తింటం మౌల్సాబ్" అని మూట కట్టుకొని నడుచుకుంట పోయిండట. తొవ్వల క్యాంపోళ్లు ఆపిండ్రు. సంచిల లెక్కల పుస్తకమున్నది. చదువుకునేటోణ్ని అన్నడు. ఏ హాస్టల్ అని అడిగితే, చెప్పనీకె హాస్టల్ లేదు.

నేను, కాసీం సాబ్ ఇద్దరం క్యాంపుకు పోయినం. నేను ముద్ర కొట్టిన కాగితం అక్కడి ఆఫీసరు చేతిల పెట్టిన. మర్యాదస్తుడే. కుర్చీ ఇచ్చిండు. కాగితం చదివిండు. వేలుతో తారీఖు చూపించిండు.

"మేం పట్టుకున్న తర్వాత రాసింది గద ఇది?"

బజారు వీధిలో నలభై ఒక్క రోజులు బేరమాడి తెచ్చిన నోరు నాది. ఆ తారీఖుతో బేరం లేదు. కాసీం సాబ్ ఉర్దూల చాలసేపు చెప్పిండు. ఆఫీసరు అంతా విని, పైకి రాస్తనన్నడు.

ఆఖరి లెక్క

ఈ కథను నేను ఇన్నేండ్లు రకరకాలుగా చెప్పుకున్న. వినేటోళ్లు మెచ్చుకునే తీరుగనే చెప్పుకున్న. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్న.

ఇరవై రెండు మందిల పదిహేడు మంది పరీక్ష రాసిండ్రు. పదకొండు మంది పాసయిండ్రు. అది నా గొప్ప కాదు. కాసీం సాబ్‌ది, బీబమ్మది, నేను మొఖం కూడ సరిగ్గ చూడని రాజమ్మ లాంటి ఆడోళ్లది. నావి నలభై ఒక్క రోజులే, అవి కూడ నేను చేసిన నష్టానికి బదులు.

ఐదుగురు రాయలేదు. ఒకనికి టైఫాయిడ్ వచ్చింది. ఒకని తండ్రి చచ్చిపోయిండు. హాస్టల్ ఉన్నా వాళ్లిద్దరు రాయకపోదురు. వీళ్లను నా లెక్కల నుంచి తీసేసిన, న్యాయంగనే తీసేసిన. ఇద్దరు అన్నదమ్ములు తాళం పడ్డ దినమే ఊరికి పోయిండ్రు. రోజులు దొరికినయని మేం పంపిన కబురు వాళ్లకు అందలేదు, వాళ్ల తల్లి మళ్ల పంపలేదు. వాళ్లు ఎట్లాగూ పోయేటోళ్లేనని చాలఏండ్లు నాకు నేను చెప్పుకున్న. అబద్ధం. నర్సింహ ఏడాదిన్నర జైలుల ఉన్నడు. బయటికి వచ్చినంక పుస్తకం ముట్టలేదు, నాగలి పట్టిండు.

తర్వాతి ఏడు పెద్దసారు పట్టుబట్టి నల్లగొండ హాస్టల్ తెరిపిచ్చిండు. వార్డెన్ నౌకరి కాసీం సాబ్‌కు ఇయ్యలేదు. "విద్యార్థులకు గౌరవం లేదు" అని ఫైలుల ఉన్నది గద అన్నరు. అది తప్పని నేను మూడుసార్లు రాసిన. మొదలు రాసిందే నిలబడ్డది. ఆయన ఇంట్ల పిల్లలకు ఉర్దూ చెప్పుకుంట బతికిండు.

ముగ్గురు పిల్లల చదువు, ఒక పెద్దమనిషి నౌకరి. నాతో నేను ఎన్ని తీర్ల బేరమాడి చూసినా ఇంతకంటె తగ్గలేదు.